లెమ్‌ను చూడలేని తలుపు: ‘బెటర్ ఆఫ్ టెడ్’ ల్యాబ్ కథ

అందరికీ నమస్కారం. ఇవాళ ఒక ల్యాబ్ గురించి మాట్లాడుకుందాం. అది నిజంగా ఎక్కడా లేదు, ‘బెటర్ ఆఫ్ టెడ్’ అనే అమెరికన్ టీవీ కామెడీలోనే ఉంది. విక్టర్ ఫ్రెస్కో సృష్టించిన ఈ సిరీస్ 2009 మార్చిలో ఏబీసీ ఛానల్‌లో మొదలైంది. రెండు సీజన్లు, 26 ఎపిసోడ్లు తీశారు. చూసేవాళ్లు తక్కువయ్యారని ఆపేశారు. నాకు ఇప్పటికీ బాధే. సైన్స్ చేసే సంస్థల్లో నిర్ణయాలు ఎలా జరుగుతాయో ఇంత సూటిగా చూపించిన కామెడీ నేను ఇంకోటి చూడలేదు.

ల్యాబ్ ఉన్న కంపెనీ పేరు వెరిడియన్ డైనమిక్స్. పరిశోధన విభాగాన్ని నడిపేది టెడ్. అతని పై అధికారి వెరోనికా. కింద ల్యాబ్‌లో ఫిల్, లెమ్ అని ఇద్దరు సైంటిస్టులు, ప్రాణ స్నేహితులు. మొదటి ఎపిసోడ్‌లోనే కంపెనీ ఫిల్‌ని గడ్డకట్టించి చూడాలనుకుంటుంది. ఇంకో ఎపిసోడ్‌లో ఆవుతో పని లేకుండా ల్యాబ్‌లోనే మాంసం పెంచుతారు. రుచి చూసినతన్ని ఎలా ఉందని అడిగితే, నిరాశలా ఉందంటాడు! అది 2009. నాలుగేళ్ల తర్వాత, 2013లో, నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ శాస్త్రవేత్త మార్క్ పోస్ట్ బృందం నిజంగానే కణాల నుంచి పెంచిన మాంసంతో బర్గర్ చేసి లండన్‌లో తినిపించింది. 2019లో మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా ఈ పరిశోధనలోకి వచ్చింది. సరే, దాని గురించి ఇంకోసారి.

నేను చెప్పాలనుకున్నది నాలుగో ఎపిసోడ్ గురించి. కరెంటు ఖర్చు తగ్గించడానికి వెరిడియన్ ఆఫీసంతా కొత్త సెన్సర్లు పెడుతుంది. మనిషి కనిపిస్తే లైటు వెలుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, తాగునీళ్లు వస్తాయి. ఈ సెన్సర్లు చర్మం మీద పడి తిరిగొచ్చే వెలుతురుతో పనిచేస్తాయి. లెమ్ నల్లజాతి వాడు. సెన్సర్‌కి అతను కనిపించడు! తలుపు ముందు నిలబడినా అది తెరుచుకోదు, గదిలో ఉండగానే లైట్లు ఆరిపోతాయి.

టెడ్ వెళ్లి అడిగితే కంపెనీ మాటగా వెరోనికా చెప్పే జవాబు వినండి. ఇది జాతి వివక్ష కానే కాదట. నల్లజాతి వాళ్లను మేం లక్ష్యంగా చేసుకోలేదు, పట్టించుకోలేదు అంతే అంటుంది. నవ్వొస్తుంది. వెంటనే ఒళ్లు మండుతుంది. నిజంగా సంస్థలు మాట్లాడేది ఇలాగే కదా!

తర్వాత పరిష్కారాలు మొదలవుతాయి. మొదట నల్లజాతి వాళ్ల కోసం చేత్తో తిప్పే కుళాయి వేరుగా పెట్టి పైన బోర్డు తగిలిస్తారు. అమెరికాలో 1964 పౌర హక్కుల చట్టం దాకా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్లకో కుళాయి, నల్లవాళ్లకో కుళాయి ఉండేవి. మన ఊళ్లలో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి తెలిసినవాళ్లకు ఆ బోర్డు ఎంత కోసుకుపోతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. అది కుదరకపోయేసరికి, ఒక్కో నల్లజాతి ఉద్యోగి వెనక తిరగడానికి ఒక్కో తెల్లవాణ్ణి జీతానికి పెడతారు. తెల్లవాళ్లనే తీసుకుంటే చట్టం ఒప్పుకోదు కాబట్టి నల్లవాళ్లనూ తీసుకోవాలి. వాళ్ల వెనక మళ్లీ తెల్లవాళ్లు కావాలి. ఇలాగే సాగితే ప్రపంచంలో ప్రతి మనిషీ వెరిడియన్ ఉద్యోగే అవుతాడని లెక్క తేలుతుంది. అందరికీ పార్కింగ్ ఎక్కడిది? అప్పుడు గానీ పాత సెన్సర్లు తిరిగి రావు. లెమ్ పడ్డ అవమానం కదిలించలేని కంపెనీని ఖర్చు కదిలించింది. ఆ రాతకు నేను దండం పెడతాను.

ఈ ఎపిసోడ్ వచ్చింది 2009 ఏప్రిల్‌లో. అదే ఏడాది డిసెంబరులో ఒక వీడియో బయటికొచ్చింది. హెచ్‌పీ కంప్యూటర్ కెమెరా తెల్లజాతి ఉద్యోగిని ముఖం చూస్తూ అటూ ఇటూ కదులుతుంది, పక్కనున్న నల్లజాతి ఉద్యోగి వస్తే కదలదు. వెలుతురు సరిపోకపోతే ఇలా జరగొచ్చని కంపెనీ వివరణ ఇచ్చింది. 2018లో జాయ్ బులమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లని మగవాళ్ల విషయంలో తప్పులు ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం. నల్లని ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి! అన్ని చర్మ రంగుల మీదా సరిగా పరీక్షించకుండా వదిలితే జరిగేది ఇదే.

మాకేంటి అనుకుంటున్నారా? 2021లో కరోనా రెండో వేవ్ గుర్తు తెచ్చుకోండి. దాదాపు ప్రతి ఇంట్లో వేలికి ఆక్సీమీటర్ పెట్టుకుని, 94 కిందికి పోతుందేమోనని టెన్షన్ పడ్డాం. అది కూడా చర్మం గుండా వెలుతురు పంపి కొలిచే పరికరమే. 2020 డిసెంబరులో అమెరికా డాక్టర్లు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆక్సీమీటర్ బాగానే ఉందని చూపిస్తున్నా రక్తంలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయిన సందర్భాలు, తెల్లజాతి రోగుల కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. మన దగ్గర ఎంత మంది చామనఛాయ, నలుపు రంగు వాళ్లం!

అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2013 నిబంధనల ప్రకారం ఈ పరికరాన్ని కనీసం 10 మంది మీద పరీక్షిస్తే చాలు, అందులో ముదురు రంగు చర్మం వాళ్లు ఇద్దరుంటే సరిపోయేది. 2025 జనవరిలో విడుదల చేసిన కొత్త ముసాయిదాలో ఆ 10 మందిని 150కి పెంచమన్నారు, రకరకాల చర్మ రంగుల వాళ్లను తప్పకుండా చేర్చమన్నారు. మీ ఇంట్లో ఆక్సీమీటర్ ఉంటే అంకె ఒక్కటే చూడకండి. ఆయాసం, పెదవులు నీలంగా మారడం లాంటివి కనిపిస్తే అంకె బాగున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.