చిన్న కోతతో గుండె ఆపరేషన్

శ్రోతలకు నమస్కారం.

గుండె ఆపరేషన్ అనగానే రోగిని, ఇంటిల్లిపాదినీ ముందుగా కలవరపెట్టేది ఛాతీ ఎముకను నిలువునా కోస్తారన్న మాట. ఆ భయం అకారణమైనది కాదు. సాధారణ పద్ధతిలో రొమ్ము నడుమనున్న ఎముకను రంపంతో కోసి, పని ముగిశాక ఉక్కు తీగలతో బిగిస్తారు. అది అతుక్కోవడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఆ ఎముక జోలికి పోకుండా, పక్కటెముకల సందున సుమారు 5 నుంచి 7 సెంటీమీటర్ల కోతతో గుండెను చేరే పద్ధతి 1990ల నడుమ నుంచి వ్యాప్తిలోకి వచ్చింది.

మన దేశంలో చిన్ననాటి గొంతునొప్పి తరువాత వచ్చే రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం, అంటే గుండె ఎడమ వైపు పై గదికీ కింది గదికీ నడుమ ఉండే తలుపు, చెడిపోయినవారు, ముఖ్యంగా స్త్రీలు, ఇప్పటికీ ఎక్కువే కాబట్టి ఆ ఆపరేషన్ గురించే చెబుతాను. కోత కుడి రొమ్ము కింద పెడతారు. కుడి ఊపిరితిత్తికి కాసేపు గాలి ఆపి, గజ్జలోని రక్తనాళాల ద్వారా శరీరాన్ని గుండె, ఊపిరితిత్తుల పనిని కాసేపు తాను చేసే హార్ట్ లంగ్ మెషిన్‌కు కలిపి, గుండెను నిలిపి, పొడవాటి పరికరాలతో కవాటాన్ని బాగుచేస్తారు, లేదా మారుస్తారు. లోపల జరిగే పని పెద్ద కోతతో జరిగేదే. అందుకే దీనిని చిన్న ఆపరేషన్ అని రోగికి ధైర్యం చెప్పడం నాకు సమ్మతం కాదు; మేలుకున్నాక ఒంటినిండా గొట్టాలు చూసి ఆ మనిషి మరింత బెదిరిపోతాడు.

ఈ పద్ధతి అందరికీ కుదరదు. గజ్జలోని ధమనులు బాగా పూడుకుపోయినవారికి, లోగడ కుడి ఛాతీలో ఆపరేషన్ జరిగినవారికి పాత పద్ధతే క్షేమం కావచ్చు. ఆ సంగతి తేల్చడానికే ముందుగా సీటీ స్కాన్ తీస్తారు. అవసరమైతే మధ్యలోనే పెద్ద కోతకు మారవలసి రావచ్చునని అంగీకార పత్రంలో ఉంటుంది. సంతకానికి ముందు ఆ వాక్యాన్ని అడిగి చెప్పించుకోండి.

ఐసీయూలో కళ్లు తెరిచేసరికి నోటిలో శ్వాసగొట్టం ఉండవచ్చు, అది తీసేవరకు మాట రాదు. ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే సగం భయం తగ్గుతుంది. పక్కటెముకల వెంట సాగే నరాల వల్ల మొదటి రోజుల్లో నొప్పి గట్టిగానే ఉంటుంది. ఓర్చుకోకండి, మందు అడగండి. నొప్పికి జంకి దగ్గకపోతే, గాఢంగా ఊపిరి పీల్చకపోతే కఫం పేరుకుంటుంది. మూడు బంతుల పరికరంతో ఊపిరి కసరత్తు చేయించేది అందుకే. చిక్కులేమీ లేకపోతే సాధారణంగా వారంలోపే ఇంటికి పంపుతారు. కూర్చుని చేసే పనులకు చాలామంది కొన్ని వారాల్లో తిరిగి వెళ్లగలుగుతారు. గజ్జలో వాపు, నీరు కారడం, జ్వరం, గుండెదడ, వీటిలో ఏది కనిపించినా తరువాతి చెకప్ దాకా ఆగకూడదు.

లోహపు కవాటం అమర్చితే రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్రలు, రక్తం గడ్డకట్టే వేగాన్ని చూసే ఐఎన్ఆర్ పరీక్షలు తప్పవు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందు పనిని తగ్గిస్తుంది, అయినా గోంగూర, తోటకూర, మునగాకు మానేయనక్కరలేదు. ఒక వారం రోజూ తిని, మరుసటి వారం ముట్టకపోవడమే మందు మోతాదును తారుమారు చేస్తుంది. రుమాటిక్ జ్వరం మళ్లీ రాకుండా వేయించుకునే పెన్సిలిన్ ఇంజెక్షన్లను, ఆపరేషన్ అయిపోయింది కదా అని ఎవరికివారు ఆపరాదు. ఇక బిడ్డలు కావాలనుకునే స్త్రీలు ఆ కోరికను కవాటం రకం నిర్ణయించకముందే సర్జన్‌కు చెప్పాలి, ఎందుకంటే రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రల్లో కొన్ని గర్భంలోని శిశువుకు హాని చేస్తాయి.