పోస్టు వేరు, పని వేరు

(కడపలో డిగ్రీ, బీఈడీ విద్యార్థుల ముందు ఒక టీచర్ చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, నన్ను పిలిచిన కళాశాల వాళ్ళకు, ఇంత ఎండలో బస్సులెక్కి వచ్చిన మీ అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారి గురించి నాలుగు మాటలు రాసుకొచ్చాను. నాకిచ్చింది ఇరవై నిమిషాలే కాబట్టి అవి వారికే విడిగా చెప్పుకుంటాను.

"దీర్ఘకాలిక లక్ష్యాలు, సాధించే మార్గాలు" అని కరపత్రంలో వేశారు. ముందు ఒకటి అడుగుతా. మీలో డీఎస్సీకి, అంటే సర్కారు టీచరు పోస్టుల పరీక్షకు చదివేవాళ్ళు చేతులెత్తండి. సగం మందికి పైనే ఉన్నారే! దించండమ్మా. ఇక ఈ కాగితం పక్కన పెడతా. మీకు చెప్పాల్సింది ఇందులో లేదు.

మాది మైదుకూరు దగ్గర పల్లె. బీఎస్సీలో లెక్కలు, తర్వాత బీఈడీ చదివాను. 1998లో డీఎస్సీ రాశాను. అప్పటికి నాకు 27 ఏళ్ళు. క్వాలిఫై అయ్యాననగానే ఊళ్ళో అందరూ "టీచరమ్మ" అనడం మొదలుపెట్టారు. ఆ తర్వాత జాబితా మీద వివాదం వచ్చింది, కోర్టుకెక్కింది. తప్పెవరిదో ఇక్కడ తేల్చను. నాకు పోస్టు వచ్చింది మాత్రం 2023లో. అదీ కాంట్రాక్టు పద్ధతిలో, మినిమం టైం స్కేలు మీద, అంటే ఆ పోస్టు స్కేలులో కనీస జీతానికి. నాకప్పుడు 52. నేను పరీక్ష రాసిన ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు మీకంటే పెద్దవాళ్ళు.

ఆ ఇరవై ఐదేళ్ళలో ఇప్పటికీ నన్ను బాధపెట్టేవి మొదటి నాలుగేళ్ళు. 2002 దాకా నేను చేసిందల్లా ఎదురుచూడటం. మైదుకూరులో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు లెక్కలు చెప్పమని కబురు పెడితే పోలేదు. రేపో మాపో ఆర్డరు వస్తుంది, నెల రోజులు చేరి మానేస్తే ఏం బాగుంటుంది అనుకున్నా. కుట్టు నేర్చుకోమని అత్త చెబితే వినలేదు. జిరాక్సు కాగితాలు సంచిలో పెట్టుకొని కడపకు, హైదరాబాదుకు తిరగడమే పని.

మాది మేనరికం. పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే వీధిలో ఉన్నాయి. మా నాయన పసుపు అమ్ముకొని మార్కెట్ యార్డు నుంచి వచ్చేటప్పుడు ముందు మా ఇంటి దగ్గరే ఆగేవాడు. చెప్పులు విడవకుండానే అడిగేవాడు, "పాపా, ఏమన్నా తెలిసిందా?" అని. "లేదు నాయనా" అనేదాన్ని. పన్నెండేళ్ళు అదే మాట అడిగాడు. పదమూడో ఏట అడగడానికి ఆయన లేడు.

కాసేపు ఆగుతా. నీళ్ళివ్వండి.

2002లో పక్కింటి పిల్లోడు ఏడో తరగతిలో లెక్కలు తప్పాడు. వాళ్ళమ్మ వాణ్ణి తీసుకొచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టింది. "అక్కా, నువ్వెట్లా ఖాళీనే కదా, వీనికి కొంచెం చెప్పు" అంది. ఖాళీనే కదా! ఆ మాట నాకు గట్టిగా తగిలింది, నిజం కాబట్టే తగిలింది. ఆ సాయంత్రమే భిన్నాలు మొదలుపెట్టాను. వినాయక చవితి నాటికి అరుగు మీద పదకొండు మంది. కొందరు నెలకు ఇరవై రూపాయలిచ్చేవాళ్ళు, కొందరు పాలు పోసేవాళ్ళు, శెనక్కాయల కాలంలో శెనక్కాయలు ఇచ్చేవాళ్ళు. కరెంటు పోతే లాంతరు. ఎవరు ఏ లెక్క దగ్గర ఆగిపోతున్నారో ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. నాకు ఆర్డరు వచ్చేనాటికి అలాంటివి ఏడు పుస్తకాలు నిండాయి.

మధ్యలో ఒక విషయం గుర్తొస్తోంది, చెప్పి వస్తా. ఈ ఊళ్ళోనే ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ఎంతమంది లోపలికి వెళ్ళారు? సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చేనాటికి ఆయనకు ఇరవై రెండు కూడా నిండలేదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో చిన్న ఉద్యోగి. 1829లో వేమన పద్యాలు అచ్చు వేశాడు. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. కడపకు వచ్చాక ముప్పై రెండేళ్ళకు! నిఘంటువు రాయమని ఆయనకెవరూ ఆర్డరు ఇవ్వలేదు. పగలు కొలువు చేసుకుంటూ, సొంత జీతంలోంచి పండితులకు, లేఖకులకు డబ్బులిచ్చి రాయించాడు. ఆయన బంగళా శిథిలమైన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు చిన్న చిన్న చందాలు పోగుచేసి ఆ గ్రంథాలయం కట్టించారు. దీనికి కూడా ఏళ్ళు పట్టింది. ఈ ఆదివారం ఒకసారి వెళ్ళి చూడండి.

చీటీ పంపారు, టైం అయిందట. ఐదు నిమిషాలు ఓపిక పట్టండి సార్.

పిల్లలూ, నా లాంటి పాత జాబితాల వాళ్ళను వదిలేస్తే, 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ మన రాష్ట్రంలో కొత్త డీఎస్సీ నియామకాలు జరిగింది 2025లో. 2018లో 22 ఏళ్ళున్న అమ్మాయికి 2025కు 29. ఆ ఏడేళ్ళూ కోచింగ్ గదుల్లోనే గడిపి, పోస్టు రాక, ఇంకో పని చేతకాక ఇంటికొచ్చిన పిల్లలు నాకు తెలుసు. వాళ్ళను చూస్తే నా నాలుగేళ్ళు గుర్తొచ్చి నిద్ర పట్టదు. నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. ఒక పిల్లవాడికి భిన్నాలు అర్థమయ్యేటట్టు చెప్పడం మన చేతిలో ఉంది. ఇంట్లో కూర్చొని ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీ దాకా పూర్తిగా చదవండి. అది దాటితే ఉదయం నాలుగు గంటలు చదువు, మిగతా పొద్దు సంపాదన. ప్రైవేటు స్కూల్లో చిన్న జీతమైనా చేరండి. రోజూ బోర్డు ముందు నిలబడండి.

వెనక కూర్చున్న తల్లిదండ్రులకు చేతులెత్తి మొక్కుతా. పోస్టు సంగతి రోజూ అడగొద్దండి. "ఈ రోజు ఏం చదివినావు?" అని అడగండి. దానికైతే పిల్లల దగ్గర జవాబు ఉంటుంది.

2023లో నన్ను మా మండలంలోనే ఒక ప్రాథమిక పాఠశాలకు వేశారు. ఇద్దరమే టీచర్లం. వెళ్ళేసరికి హెడ్మాస్టర్ కుర్చీలో ఉన్నది ఎవరనుకుంటున్నారు? ఆ పక్కింటి పిల్లోడే! నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఎంత చెప్పినా కూర్చోడు. "పిల్లలు చూస్తున్నారు, కూర్చో నాయనా" అన్నా. హాజరు రిజిస్టర్ నా వైపు తిప్పి, "ముందు మీరు పెట్టండి మేడమ్" అన్నాడు. సర్వీసు ప్రకారం పై వరుస వాడిది. వాడి చేత పెట్టించి, కింద నేను సంతకం పెట్టాను. నా చెయ్యి వణికింది. మా నాయన ఉండి ఉంటే సాయంత్రం గడపలో నిలబడి చెప్పేదాన్ని, తెలిసింది నాయనా అని.

ఇంక సెలవు తీసుకుంటా. మైదుకూరు బస్సుకు ఇంకా గంటన్నర టైం ఉంది. లెక్కల్లో సందేహాలున్నవాళ్ళు పుస్తకాలు తీసుకొని ముందు వరుసలోకి రండి, కూర్చుందాం. ఆ బోర్డు కొంచెం తుడవండి బాబూ.