ఆట మాన్పించినా చదువు సాగట్లేదు

యాంకర్: హలో, నమస్కారం. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారమ్మా?

కాలర్: నరసరావుపేట నుంచండీ. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. పదో తరగతి దాకా రోజూ సాయంత్రం షటిల్ ఆడేవాడు. కాలేజీలో చేరాక మేమే మాన్పించాం. ఇప్పుడేమో పుస్తకం తీస్తే గంటైనా పేజీ తిప్పడు. చదివింది నిలవట్లేదంటాడు.

డాక్టర్: పొద్దున ఎన్నింటికి లేస్తాడమ్మా?

కాలర్: ఐదింటికి లేపుతాం సార్. కాలేజీ, స్టడీ అవర్లు, ఇంటికొచ్చాక మళ్లీ చదువు. పడుకునేసరికి పదకొండు.

డాక్టర్: మధ్యలో ఒంటికి చెమట పట్టే పని?

కాలర్: ఏమీ లేదండీ. రానూపోనూ బస్సే.

డాక్టర్: బాబుకి ఒకసారి ఫోనివ్వండి. ఏం నాన్నా, చదువు సాగనప్పుడు ఏం చేస్తావు?

అబ్బాయి: మొహం కడుక్కుని వచ్చి కూర్చుంటాను సార్. పది నిమిషాలకే మళ్లీ కళ్లు మూతలు పడతాయి.

డాక్టర్: రేపటి నుంచి అలాంటప్పుడు డాబా మీదికెళ్లి 20 నిమిషాలు చకచకా నడువు. ఆయాసం రావాలి, కానీ మాట్లాడగలిగేంతే. కిందికి రాగానే ఫోన్ ముట్టుకోకు. నీకు కొరుకుడు పడని లెక్క తీసి కూర్చో. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో బడిపిల్లలతో ఇలాగే చేయించి చూశారు. ఊరికే కూర్చున్నప్పటి కన్నా 20 నిమిషాలు నడిచాక పిల్లల ధ్యాస బాగా నిలిచింది, చదివింది బాగా అర్థమైంది. వాళ్లు నీకన్నా చిన్నపిల్లలే, కానీ నువ్వు ఒక వారం చేసి చూడు, తేడా నీకే తెలుస్తుంది.

కాలర్: పరీక్షలు దగ్గర పడుతున్నాయి సార్. టైమ్ పోతుందేమోనని టెన్షన్.

డాక్టర్: గంటసేపు ఒకే పేజీ ముందు కూర్చుంటే పోయేదీ టైమే కదమ్మా. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్కసారే కుదరకపోతే పొద్దున కాస్త, సాయంత్రం కాస్త. షటిల్ బ్యాట్ తీసి మళ్లీ చేతికివ్వండి. ఇంకోమాట, మీవాడికి దొరుకుతున్నది ఆరు గంటల నిద్రే. ఈ వయసుకు 8 గంటలైనా కావాలి. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. ఒళ్లు అలిస్తే నిద్ర బాగా పడుతుంది, కానీ తగ్గిన నిద్రను ఆట భర్తీ చేయదు. రాత్రి పదింటికల్లా లైటు ఆపేసి, పొద్దున ఆరింటికి లేపండి.

యాంకర్: కరీంనగర్ జిల్లా నుంచి ఒక పీఈటీ గారు లైన్లో ఉన్నారు.

కాలర్: నమస్తే సార్. ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తాను. పదో తరగతికి గేమ్స్ పీరియడ్ కూడా లెక్కలకే పోతోంది. ఉన్న రోజుల్లో కూడా ఆడపిల్లలు కొందరు వరండాలోనే కూర్చుంటారు. అడిగితే నీరసమంటారు.

డాక్టర్: ఆ పిల్లలకు ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి సార్. రక్తం తక్కువుంటే ఆటకీ ఓపిక ఉండదు, పాఠం మీదా మనసు నిలవదు. ఇక పీరియడ్ సంగతి. నాకిది నిజంగా బాధ కలిగించే విషయం. ఆ గంట మొత్తం తిరిగి రాకపోయినా, సాయంత్రం స్పెషల్ క్లాసుకు ముందు పావుగంట అడగండి. ఖోఖో ఆడించి, నీళ్లు తాగించి లోపలికి పంపండి. క్లాసులో కునికిపాట్లు తగ్గాయో లేదో లెక్కల సారునే చూడమనండి.

కాలర్: రేపే హెడ్మాస్టరు గారితో మాట్లాడతాను సార్.

డాక్టర్: ఆయన ఏమన్నారో వచ్చే వారం మళ్లీ ఫోన్ చేసి చెప్పండి.