చీగాంగ్ గురువు దగ్గర నేర్చుకుంటున్నారా? మొదటి క్లాసుకు ముందు ఇది చూడండి

నమస్తే అండీ. చీగాంగ్ అంటే నిలబడటం, మెల్లని కదలికలు, ఊపిరి కలిపి చేసే చైనా సాధన. దాన్ని ఒక గురువు దగ్గర, ఎదురుగా నిలబడి నేర్చుకోవాలనుకునేవాళ్ల కోసం ఈ వీడియో. గురువును ఎలా చూసుకోవాలి, మొదటి క్లాసులో ఏం చేయాలి, ఇంటికొచ్చాక ఎలా సాధన చేయాలి, ఇవన్నీ చెప్తాను. మధ్యలో మాత్రం ఒక్క నిలబడే పద్ధతి మీద చాలాసేపు ఆగుతాను. బోర్ కొడితే ముందుకి జరపకండి, అసలు సంగతంతా అక్కడే ఉంది.

ముందు ఈ బొమ్మ చూడండి. స్క్రీన్ మీద కనిపిస్తోందా? చైనాలో చాంగ్షా దగ్గర మావాంగ్‌దుయ్ అని ఒక చోటు. అక్కడ 1973లో తవ్విన సమాధిలో పట్టుగుడ్డ మీద గీసిన ఈ బొమ్మలు దొరికాయి. ఆ సమాధి మూసింది క్రీ.పూ. 168లో. మొత్తం 44 మంది మనుషులు, ఆడవాళ్లు, మగవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, చీగాంగ్ లాంటి పాతకాలపు వ్యాయామాలే చేస్తూ, రకరకాలుగా వంగుతూ, చేతులు చాపుతూ. ఇదిగో, ఈయన్ని చూడండి. చేతులు ఇలా ఉన్నాయి, బాగానే ఉంది. కానీ అక్కడిదాకా ఎలా వచ్చాడు? బరువు ఏ కాలి మీద ఉంది? ఊపిరి లోపలికా, బయటికా? బొమ్మలో తెలీదు కదా. సరిగ్గా ఇదే ఇబ్బంది నా వీడియోలతో కూడా ఉంది. నేను చేతులు ఎక్కడ పెట్టానో మీకు కనిపిస్తుంది. మీ నడుము ఎలా ఉందో నాకు కనిపించదు. అందుకే గురువు.

సరే, గురువును ఎంచుకోవడం. ఇది త్వరగా చెప్పేస్తా. మూడు ప్రశ్నలు అడగండి చాలు. మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్నాళ్లు? ఏ పద్ధతి నేర్పుతారు? క్లాసులో ఒక్కొక్కరినీ సరిచేస్తారా, లేక ముందు నిలబడి చేసి చూపిస్తారా? ఈ మూడో ప్రశ్నే నాకు ముఖ్యం. గంటసేపూ ముందు నిలబడి తను చేస్తూ, వెనక్కి తిరిగి కూడా చూడని గురువు దగ్గరికి వెళ్లడం కంటే మంచి వీడియో నయం.

ఏ పద్ధతి అని ఎందుకడగాలంటే, చీగాంగ్ అనేది ఒక్కటి కాదు. 2003లో చైనాలో నాలుగింటిని ప్రామాణికంగా రూపొందించి ప్రచురించారు. బా దువాన్ జిన్, ఊ చిన్ షీ, ఈ జిన్ జింగ్, లియూ జి జ్యూ. ఇందులో బా దువాన్ జిన్ అంటే ఎనిమిది కదలికలది, కొత్తవాళ్లకి ఎక్కువగా దీంతోనే మొదలుపెడతారు. ఊ చిన్ షీలో పులి, జింక, ఎలుగుబంటి, కోతి, కొంగ, ఈ ఐదు జంతువుల కదలికలు. మళ్లీ ఒక్క బా దువాన్ జిన్‌కే పాత రూపాలు చాలా ఉన్నాయి. మీ గురువు నేర్పేది ఒకటి, మీరు ఇంట్లో ఫోన్‌లో చూసి చేసేది ఇంకొకటి అయితే రెండూ కలగాపులగం అయిపోతాయి. అందుకే పేరు అడిగి రాసుకోండి.

ఇంకొక్కటి. మందులు మానేయండి, ఇది చాలు అని ఎవరైనా అంటే, నమస్కారం పెట్టి వచ్చేయండి. మొదటిరోజే ఊపిరి బలవంతంగా బిగబట్టమన్నా అంతే. మీకు బీపీ ఉన్నా, మోకాలి ఆపరేషన్ అయినా, గర్భంతో ఉన్నా, కళ్లు తిరిగే అలవాటు ఉన్నా ముందు డాక్టర్‌ని అడిగి, క్లాసు మొదలవ్వకముందే గురువుకి చెప్పండి. మధ్యలో కాదు.

బట్టలు వదులుగా, చెప్పులు లేకపోయినా పర్లేదు, బూట్లయితే అడుగు చదునుగా ఉన్నవి. మడమ దగ్గర మందంగా ఉండే రన్నింగ్ షూస్ వద్దు, ఒళ్లు ముందుకి తోసేస్తాయి. భోజనం చేసిన వెంటనే వెళ్లకండి. అయిపోయింది, పదండి.

ఇప్పుడు నిలబడటం. మెల్లగా వెళ్దాం. పక్కనుంచి చూపిస్తాను, కెమెరా తిప్పుతున్నా ఉండండి. ఆఁ, ఇప్పుడు కనిపిస్తున్నానా?

పాదాలు భుజాలంత ఎడం, వేళ్లు ముందుకి. మోకాళ్లు లాక్ చేయకుండా కాస్త వదులు. భుజాలు కిందికి. తల పైకి. ఇంతవరకు అందరికీ వచ్చేస్తుంది. ఇప్పుడు నడుము. వెనక ఇక్కడ, బొడ్డుకి సరిగ్గా వెనక వైపు, ఈ గుంట చూశారా? దీన్ని మింగ్ మెన్ అంటారు. ఈ గుంట మెల్లగా నిండాలి, అంటే నడుము వదులై కిందికి దిగాలి. నాకు అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది ఇదే. మాటల్లో వింటే చాలా సులువుగా అనిపిస్తుంది.

చాలామంది ఏం చేస్తారంటే, ఇదిగో ఇలా, పిరుదులు బిగించి తుంటిని ముందుకి తోస్తారు. గుంట పోయింది, నిజమే. కానీ పొట్ట బిగుసుకుపోయింది, తొడలు బిగుసుకుపోయాయి. ఇంకొందరు ఇలా, మోకాళ్లు ముందుకి వంచుతారు, నడుము మాత్రం అలాగే విల్లులా ఉంటుంది. బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. ఇప్పుడు కెమెరా ముందుకి తిప్పుతున్నా, చూడండి. మొదటి తప్పు. రెండో తప్పు. సరైనది. తేడా ఏమైనా తెలిసిందా? ముందు నుంచి చూస్తే మూడూ దాదాపు ఒకటే. అద్దం ముందు ఎన్ని నెలలు చేసినా ఇది పట్టుకోవడం కష్టం.

గురువు ఏం చేస్తారంటే, మీ అనుమతి అడిగి, ఒక అరచెయ్యి నడుము వెనక, ఇంకోటి పొట్ట ముందు పెడతారు. ఎత్తుగా ఉన్న స్టూల్ మీద కూర్చోబోయి మధ్యలో ఆగినట్టు ఉండమంటారు. నడుము దిగినప్పుడు వెనకున్న ఆ చేతికి నిండుగా తగులుతుంది. ఊపిరి తీసుకుంటే పొట్ట ఒక్కటే ముందుకి రాదు, వెనక నడుము కూడా ఆ చేతిని కాస్త తోస్తుంది. అదీ గుర్తు. మీరు దొంగతనంగా పిరుదులు బిగిస్తే ఆ చేతికి వెంటనే తెలిసిపోతుంది. మాటలతో పది నిమిషాలు చెప్పినా ఎక్కనిది చెయ్యి పెట్టగానే ఒంటికి అర్థమవుతుంది.

ఇక్కడ ఒక మాట. సరిచేయగానే "ఓకే, అర్థమైంది" అనేయకండి. అలాగే ఉండండి. రెండు మూడు ఊపిరిలు తీసుకోండి. తర్వాత మామూలుగా నిటారుగా అయిపోయి, మళ్లీ మీ అంతట మీరే అక్కడికి వెళ్లండి. వెళ్లాక "ఇదేనా?" అని అడగండి. గురువు పెడితే కుదరడం వేరు, మీరే వెతుక్కుని వెళ్లడం వేరు. ఇంటికి తెచ్చుకోవాల్సింది ఈ రెండోది.

ఇంట్లో చూసుకోవడానికి రెండు పరీక్షలు. ఒకటి, నిలబడి కాలి వేళ్లన్నీ పైకెత్తి చూడండి. ఎత్తలేకపోతున్నారంటే బరువు ముందుకి పోయింది. రెండు, పిరుదుల మీద చేతులు పెట్టి చూడండి, మెత్తగా ఉండాలి. గోడ పద్ధతి కూడా ఉంది. మడమలు గోడకి కాస్త ఎడంగా పెట్టి, వీపు ఆనించి, కొంచెం కిందికి జారండి. నడుము గోడ వైపు వస్తుంది. పూర్తిగా అతుక్కోవాలని నొక్కకండి. మోకాలు నొప్పి పెడితే పైకి లేవండి, లోతుగా దిగడం గొప్ప కాదు ఇక్కడ.

ఇంతసేపు ఎందుకంటే, బా దువాన్ జిన్ మొదటి కదలిక, రెండు చేతులతో ఆకాశాన్ని ఎత్తడం, చేసి చూపిస్తా. నడుము దిగి ఉంటే, ఇలా. దిగకపోతే, చేతులు పైకి వెళ్లగానే పక్కటెముకలు ముందుకి పొడుచుకొచ్చాయి, నడుము వంగింది, ఊపిరి ఛాతీలోనే ఆగిపోయింది. మిగతా కదలికల్లోనూ ఇదే గోల. చివరిది, మడమలు ఎత్తి ఏడుసార్లు దించేది, అందులో మరీనూ. మడమలు ధబీమని పడేయకండి. మెల్లగా సగం దిగి, ఆఖర్లో తేలిగ్గా ఒక్క కుదుపు. నడుము బిగుసుకుని ఉంటే ఆ కుదుపు నేరుగా వెన్నుకి తగులుతుంది.

ఇక ఇంటి సాధన. టైమర్ పెట్టుకోండి, కానీ రింగ్‌టోన్ వద్దు, వైబ్రేషన్ పెట్టండి. ప్రశాంతంగా నిలబడినవాళ్లు అలారానికి ఎగిరి పడటం నేను చూశాను. మొదట్లో నిలబడటం ఐదు నిమిషాలు చాలు, రోజూ చేయండి. చివర్లో రెండు అరచేతులూ బొడ్డు కింద, దాన్ తియెన్ మీద పెట్టి కాసేపు ఆగాకే కదలండి. ఇది వదిలేసి ఫోన్ అందుకోకండి.

క్లాసు అయ్యాక నోట్సు రాసే ఓపిక నాకుండదు, బయటికొస్తూనే ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసుకుంటా. ఏం సరిచేశారు, ఒంట్లో ఎక్కడ ఎలా అనిపించింది, అంతే. వారానికి ఒక్క సవరణే పట్టుకోండి, అన్నీ ఒకేసారి వద్దు. వీడియో తీసుకుంటే పక్కనుంచి, ఫోన్ తుంటి ఎత్తులో పెట్టి తీయండి. ఇంకోటి, సెల్ఫీ కెమెరాలో కుడి ఎడమలు తారుమారు అవుతాయి, ఆ సెట్టింగ్ ఒకసారి చూసుకోండి. వెనక కెమెరా అయితే గొడవే లేదు, నేను అదే వాడతా.

తర్వాతి క్లాసుకి పది నిమిషాలు ముందే వెళ్లండి. ఆ వీడియో చూపించండి, ఆ ఒక్క సవరణా నిలిచిందో లేదో గురువునే అడగండి. నిలవలేదంటే ఇంకో వారం అదే చేయండి.