పలకలేని బిడ్డకు బదులు పలికేదెవరు? శిశు బాప్తిస్మం కథ

(తెరపై రాతి తొట్టి, అందులో కదలని నీళ్లు కనిపిస్తాయి.)

"సాతానును విసర్జిస్తున్నారా?" అని బాప్తిస్మమిచ్చే గురువు (పాదిరి) అడుగుతాడు. తెల్లని గుడ్డలో నిద్రపోతున్న బిడ్డ పలకదు కనుక తల్లిదండ్రులు, వారి పక్కన బిడ్డకు పూచీగా నిలబడిన జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి "విసర్జిస్తున్నాము" అంటారు. ఒకరు పలికిన విశ్వాసంతో మరొకరికి బాప్తిస్మం ఇవ్వవచ్చునా అనే వివాదమంతా ఆ ఒక్క జవాబు చుట్టూనే తిరుగుతుంది.

బైబిలులోని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో లూదియ, చెరసాల నాయకుడు తమ ఇంటివారితో సహా బాప్తిస్మం పొందారు. ఆ ఇళ్లలో పసిపిల్లలున్నారో లేదో గ్రంథం చెప్పదు. అందుకే శిశు బాప్తిస్మాన్ని సమర్థించేవారు యూదుల మగబిడ్డలకు చేసే ఎనిమిదవ దినపు సున్నతిని గుర్తుచేసి, దేవుని నిబంధనలో చేరడానికి బిడ్డ అంగీకారం అప్పుడూ అడగలేదు కదా అంటారు.

సుమారు క్రీ.శ. 200లో క్రైస్తవ రచయిత టెర్టుల్లియన్ తొందర వద్దన్నాడు. బిడ్డకు పూచీపడినవారు మాట నిలబెట్టుకోకముందే మరణిస్తే ఎలా అన్న ఆయన సందేహం నేటికీ పదునుగానే ఉంది. మరో యాభై ఏళ్లకు ఫీడుస్ అనే బిషప్పు, అప్పుడే పుట్టిన బిడ్డ పాదం శుద్ధం కాదనీ, దానిని ముద్దాడడానికి మనసొప్పదనీ, కాబట్టి ఎనిమిదవ దినం వరకు ఆగాలనీ వాదించాడు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో అక్కడి బిషప్పు సిప్రియన్‌తో కూడిన బిషప్పుల సభ దానిని తోసిపుచ్చి, దేవుని కృపను ఏ శిశువుకూ నిరాకరించరాదని తీర్పు చెప్పింది.

తర్వాతి కాలంలో బిషప్పు అగస్టీను బోధించిన జన్మపాప సిద్ధాంతం (ప్రతి మనిషీ పాపంతోనే పుడతాడనే బోధ) పాశ్చాత్య సంఘంలో ఈ ఆచారానికి బలమైన పునాది అయింది. చిత్రమేమిటంటే, ఆయనకు మాత్రం బాల్యంలో వాయిదా పడిన బాప్తిస్మం 387లో, పెద్దవాడయ్యాకే, మిలానులో జరిగింది.

1525లో జ్యూరిక్‌లో కొందరు, తాము శైశవంలో పొందినది బాప్తిస్మమే కాదని, సొంత నోటితో విశ్వాసాన్ని ఒప్పుకొని మళ్లీ పొందారు. సంఘ సంస్కర్తలైన లూథర్, కాల్విన్ మాత్రం శిశు బాప్తిస్మాన్ని వదలలేదు. విశ్వసించి ఒప్పుకున్నవారికే బాప్తిస్మమనే బాప్టిస్టు సంఘాలు నేడు శిశువులకు ఇవ్వవు.

(తెరపై పాస్కా కొవ్వొత్తి, అంటే ఈస్టరు పండుగ కొవ్వొత్తి నుంచి మరో చిన్న కొవ్వొత్తిని వెలిగిస్తారు.)

కతోలిక ఆచారంలో సాధారణంగా తలపై మూడుసార్లు నీళ్లు పోసి, నడినెత్తిన పరిమళ తైలం పూసి, తెల్లని వస్త్రం, వెలుగుతున్న కొవ్వొత్తి ఇస్తారు. ఆర్థొడాక్స్ సంఘాల్లో తైలాభిషేకమూ ఆ వేడుకలోనే పూర్తవుతుంది, శిశువుకు దివ్యసత్ప్రసాదం (ప్రభువు భోజనపు రొట్టె, ద్రాక్షారసం) కూడా అందుతుంది. పాశ్చాత్య సంఘాల్లో మాత్రం భద్రమైన అభ్యంగనం (బాప్తిస్మాన్ని స్థిరపరిచే తైలాభిషేకం) సాధారణంగా తెలివి వచ్చేదాకా ఆగుతుంది. ఆ రోజు గురువు మళ్లీ అదే ప్రశ్న అడిగినప్పుడు, ఒకప్పుడు తెల్లగుడ్డలో నిద్రపోయిన బిడ్డ "విసర్జిస్తున్నాను" అని తానే పలుకుతుంది.