అట్టపెట్టె, చీకటి, ఒక ఫోను

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతి దగ్గరపడింది. పిల్లలు అప్పుడే మేడలెక్కేశారు, చరఖాలకు మాంజా చుట్టేస్తున్నారు. పండగ నాలుగు రోజులూ ఆకాశమంతా పతంగులే. అదే ఆకాశంలో పొద్దున మేతకు వెళ్లి, పొద్దుగూకే వేళకు గూటికి తిరిగొచ్చే కొంగలు, గద్దలు, పావురాలు ఉన్నాయి. వాటిలో ఒకటి రెక్క తెగి మీ వాకిట్లో పడితే ఏం చేయాలో చెబుదామని వచ్చాను. నిజానికి ఏం చేయకూడదో చెప్పడానికే ఎక్కువ టైం పట్టేలా ఉంది.

ముందు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. నాకప్పుడు పదేళ్లు. వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊళ్లో ఉన్నాను. పెరట్లో పిల్లి నోట్లోంచి ఒక గోరింకను విడిపించాను. ఒంటి మీద రక్తపు చుక్క కూడా లేదు, కాస్త వణుకుతోందంతే. పాపం దాహంగా ఉందేమోనని దూది తడిపి, ముక్కు తెరిచి, నీళ్లు పిండాను. గుటక వేసిందనే అనుకున్నాను. రెండుసార్లు తల విదిలించింది, నోరు తెరిచి ఎగశ్వాస తీసింది, నా అరచేతిలోనే ప్రాణం వదిలింది. "పోనీలేరా, దాని ఆయువు అంతే. ఆఖరి గడియలో నీళ్లు పోశావు, పుణ్యం" అంది అమ్మమ్మ. ఆ మాట పట్టుకుని చాలా ఏళ్లు తృప్తిగానే ఉన్నాను. పెద్దయ్యాక ఒక పశువైద్యుడితో కబుర్లలో ఈ సంగతి చెబితే, ఆయన తల అడ్డంగా ఊపారు. "నీళ్లు పోశావు కాబట్టే పోయి ఉంటుంది" అన్నారు.

పక్షి నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లో చిన్న చీలిక లాంటి రంధ్రం కనిపిస్తుంది. ఊపిరి వెళ్లే దారి అదే. మనం మింగేటప్పుడు ఆ దారిని కప్పడానికి గొంతులో ఒక మూత ఉంటుంది, పక్షికి అది లేదు. ఆరోగ్యంగా ఉన్న పక్షి తాగేటప్పుడు ఆ రంధ్రాన్ని తనే బిగించుకుంటుంది. దెబ్బ తిని, సగం స్పృహలో ఉన్నదానికి ఆ పట్టు ఉండదు. మనం పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంకో లెక్క చూడండి. పిచ్చుక బరువు సుమారు 30 గ్రాములు. దానికి ఒక్క మిల్లీలీటరు నీళ్లు పోయడమంటే, 60 కిలోల మనిషి నోరు బలవంతంగా తెరిచి రెండు లీటర్లు కుమ్మరించడమే. పాలు కూడా వద్దు, పక్షికి అరగవు. అన్నం మెతుకులు, బ్రెడ్డు ముక్కలు నోట్లో కుక్కడం అసలే వద్దు.

పిల్లి సంగతి కూడా చెప్పాలి. పిల్లి లాలాజలంలో ఉండే సూక్ష్మజీవులు పక్షి రక్తంలో కలిస్తే ఒకటి రెండు రోజుల్లోనే చంపేయగలవు. పన్ను దిగిన గాటు ఈకల కింద కనిపించను కూడా కనిపించదు. అందుకే పిల్లి నోట పడిన పక్షి ఎంత చలాకీగా ఉన్నా వెంటనే ఎగరేయకూడదు. డాక్టరు దగ్గర యాంటీబయాటిక్ పడాల్సిందే. నా గోరింక నీళ్లకు పోకపోతే గాటుకైనా పోయేదేమో.

ఇక గద్ద కథ. కొన్నేళ్ల కిందట, కనుమ రోజు మధ్యాహ్నం మా మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన దబ్బున చప్పుడైంది. మా మేనల్లుడు పరుగెత్తుకొచ్చి "మామా, గద్ద పడింది" అన్నాడు. వెళ్లి చూస్తే ఒక రెక్క విప్పారి నేల మీద పరుచుకుని ఉంది. ఆకుపచ్చ నైలాన్ మాంజా ఆ రెక్కకు మూడు చుట్లు తిరిగి కోసేసింది. గద్ద నోరు తెరుచుకుని, నల్లటి కాలిగోళ్లు ముందుకు చాపి, మా వైపే చూస్తోంది. ఈలోగా పక్కింటి పిన్నిగారు గ్లాసుతో పాలు తెచ్చేశారు. "ఒక్క చుక్క నోట్లో పొయ్యి నాయనా, పాపం ఎలా చూస్తోందో" అని ఆవిడ గోల. మేనల్లుడేమో దారం పట్టుకుని లాగబోయాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆపాను.

దారం లాగకూడదు. లాగినకొద్దీ అది రంపంలా ఇంకా లోపలికి దిగుతుంది. పక్షికి చుట్టుకున్న భాగాన్ని అలాగే వదిలేసి, అటూ ఇటూ జానెడు జాగా ఉంచి కత్తెరతో తెంచాలి. మిగతాది డాక్టరు చూసుకుంటాడు. పక్షి చెట్టుకొమ్మకో కరెంటు తీగకో వేలాడుతుంటే మీరు ఎక్కొద్దు. ఫైర్ స్టేషన్‌కు గానీ కరెంటు వాళ్లకు గానీ ఫోన్ చేయండి.

ఒక పాత దుప్పటిని తల కూడా మునిగేలా దాని మీద కప్పాం. కళ్లకు చీకటి పడగానే గద్ద నెమ్మదించింది. ఇది దాదాపు అన్ని పక్షులకూ పని చేస్తుంది. తర్వాత దుప్పటితో సహా రెక్కలు ఒంటికి ఆనించి రెండు చేతులతో ఎత్తాలి. గట్టిగా మాత్రం నొక్కొద్దు. పక్షి రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి ఊపిరాడుతుంది. ప్రేమకొద్దీ గుండెకు హత్తుకున్నా ఊపిరి ఆగిపోతుంది. గద్ద, గుడ్లగూబ లాంటివి ముక్కుతో కన్నా గోళ్లతోనే ఎక్కువ గాయం చేస్తాయి, కాళ్ల దగ్గర జాగ్రత్త. కొంగల విషయంలో మెడ జాగ్రత్త. అది ఒక్కసారి సాగి నేరుగా కంటి మీదికి వస్తుంది. కొంగను ఎప్పుడూ మొహానికి దూరంగానే పట్టుకోవాలి.

పెట్టడానికి పంజరం కాదు, అట్టపెట్టె కావాలి. పంజరం ఊచలకు కొట్టుకుని మిగిలిన ఈకలు కూడా విరగ్గొట్టుకుంటుంది. మేం మిక్సీ కొన్నప్పుడు వచ్చిన పెట్టె వెతికితే గద్దకు చాల్లేదు. కిరాణా కొట్టు నుంచి పెద్ద బిస్కెట్ల పెట్టె తెచ్చి, పక్షిని పెట్టకముందే నాలుగు వైపులా చిల్లులు పొడిచాం. అడుగున ఒక పాత తువ్వాలు పరిచాం. లోపల పెట్టి మూత మూసి, టీవీ లేని గదిలో ఉంచాం. ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వలేదు. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది! వీధిలో పిల్లలంతా గుమ్మంలో బారులు తీరారు, ఒక్కసారి మూత తీసి చూపించమని. ఫోటోలు, వీడియోలు సరేసరి. పక్షి లెక్కలో మనం దాన్ని తినడానికి వచ్చిన జంతువులం. మనం తల నిమురుతుంటే కదలకుండా ఉందంటే మచ్చికైందని కాదు, బెదిరి కొయ్యబారిందని. ఆ టెన్షన్‌కే గుండె ఆగి చచ్చిపోయే పక్షులున్నాయి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో నాలుగైదు నిమిషాలు అదిమి పట్టుకోండి. నూనె, నెయ్యి, బామ్, ఆయింట్‌మెంటు రాయొద్దు. ఈకలు జిడ్డు పట్టి అంటుకుపోతే, గాయం మానినా ఆ పక్షి సరిగా ఎగరలేదు. పుల్లలు పెట్టి కట్లు కట్టే ప్రయోగాలూ వద్దు. పక్షుల ఎముకలు మనవాటి కన్నా త్వరగా అతుక్కుంటాయి. వంకరగా ఉన్నప్పుడు వదిలేస్తే రెండు మూడు వారాల్లో ఆ వంకరే ఖాయమైపోతుంది. అందుకే "నాలుగు రోజులు చూద్దాం" అనకూడదు.

ఎవరికి ఫోన్ చేయాలి? అటవీశాఖ రేంజ్ ఆఫీసుకు. లేదా దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి. హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతి దగ్గర్లో ఉన్నవాళ్లు జూ పార్కు వాళ్లనైనా అడగొచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, చేతికి చిక్కిన వన్యప్రాణి సంగతి 48 గంటల్లోగా అధికారులకు చెప్పాలి. కోలుకున్నాక ముద్దొస్తోందని రామచిలుకను పంజరంలో ఉంచుకున్నా నేరమే. ఆ మాటకొస్తే ఆ నైలాన్ మాంజా కూడా చట్టవిరుద్ధమే. నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అయినా ప్రతి జనవరిలో ఎక్కడో ఒక చోట బైకు మీద పోయే మనిషి గొంతు కోసుకుపోయిందని పేపర్లో చదువుతూనే ఉన్నాం.

వేసవిలో గొడవ వేరు. ఎండకు సొమ్మసిల్లి పడిన పక్షిని నీడలో పెట్టి, లోతులేని మూకుట్లో నీళ్లు పోసి పక్కన ఉంచి తప్పుకోండి. ఓపిక రాగానే అదే తాగుతుంది. అద్దానికి కొట్టుకుని పడిందైతే గంట రెండు గంటలు చీకటి పెట్టెలో ఉంచండి. మైకం తగ్గితే చాలాసార్లు దానంతటదే లేస్తుంది. లేవకపోతే, లేచినా ఒరిగిపోతుంటే డాక్టరు చూడాలి.

పక్షి పిల్లల సంగతి మరీ ముఖ్యం. నేల మీద గెంతుతున్న పిల్ల పక్షి ప్రతిదీ దెబ్బతిన్నది కాదు. ఒంటి నిండా ఈకలుండి, తోక మాత్రం పొట్టిగా ఉంటే అది ఎగరడం నేర్చుకుంటున్నదని అర్థం. తల్లిదండ్రులు పక్క చెట్టు మీదే ఉంటాయి. పిల్లిని తోలి, దాన్ని ఒక కొమ్మ మీద పెట్టి వచ్చేయండి. ఈకలు రాని ఎర్రటి పసికూనైతే గూట్లో పెట్టేయాలి. "మనిషి చెయ్యి తగిలితే తల్లి రానివ్వదు" అని మన పెద్దలంటారు గానీ, అది నిజం కాదు. గూడు చెదిరిపోయిందా, అడుగున చిల్లులున్న చిన్న బుట్టలో ఎండుగడ్డి వేసి అదే కొమ్మకు కట్టండి.

ఒకే చోట నాలుగైదు పక్షులు చచ్చి పడి ఉంటే మాత్రం ఏదీ ముట్టుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పశుసంవర్ధక శాఖకు చెప్పి ఊరుకోండి. ఒక్క పక్షిని పట్టుకున్నా సరే, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

గద్దను ఆ సాయంత్రమే అటవీశాఖ వాళ్లు వచ్చి తీసుకెళ్లారు. పెట్టె అందుకుంటూ, ఎక్కడ పడిందో సరిగ్గా చెప్పమని రాసుకున్నారు. ఎందుకండీ అంటే, బాగైతే మళ్లీ ఇక్కడే వదలాలి కదా, దాని జత, దాని చెట్టు ఇక్కడే ఉంటాయి కదా అన్నారు. ఎముక విరగలేదట. భుజం నుంచి రెక్క మడత దాకా సాగి ఉండే పలచటి చర్మం చీలిందట, కుట్లు వేశారు.

నెలన్నర తర్వాత అదే మేడ మీద పెట్టె మూత తీశారు. గద్ద ఒక్క గెంతులో పిట్టగోడ ఎక్కింది, ఒళ్లు దులుపుకుంది, వేపచెట్టు మీదుగా లేచి పోయింది. మేనల్లుడు మెడ పైకెత్తి అది చుక్కంతయ్యేదాకా చూశాడు.

"మామా, అది మన వైపు ఒక్కసారైనా చూడలేదు" అన్నాడు చిన్నబుచ్చుకుని.

"చూసింది లేరా," అన్నారు పిన్నిగారు, "నా పాలగ్లాసు కోసం."

నమస్కారం.