వంతు బావి ఎండాక

వేదిక మీది పెద్దలకు, రైతన్నలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. నీటి పొదుపు గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. చెప్పకపోయినా ఏమీ అనుకోకండి. వేసవి అంతా బిందెలు మోసేవాళ్లకు పొదుపు నేర్పేంతవాణ్ని కాను.

మన అనంతపురం నేల కింద ఉన్నది రాయి. ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అందులో రాతి పగుళ్లలోకి దిగినదే మన భూగర్భజలం. ఆ పగులు నా చేని గట్టు దగ్గర ఆగదు కదా! అయినా 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచీ భూమి ఎవరిదో కింది నీళ్లూ వాళ్లవే. సెంటు భూమి లేని కూలీకి ఆ లెక్కలో చోటే లేదు.

మా నాయన కాలంలో మాది వంతు బావి, అంటే అందరూ వంతులవారీగా నీళ్లు తోడుకునేది. ఎద్దులతో కపిలె తోలి నీళ్లు తోడినప్పుడూ వంతే, కరెంటు మోటారు వచ్చాకా వంతే. తగాదాలు లేవని కాదు. మా నాయన, చిన్నాయన ఈ బావి గురించే ఏడాది పాటు మాట్లాడుకోలేదు. అయినా బావిలో నీళ్లెంత ఉన్నాయో అందరికీ కనిపించేది. తగ్గితే వరి మానేసి కొర్ర వేసేవాళ్లు. తర్వాత పైచేను ఆసామి బోరు వేశాడు. రెండించుల నీళ్లు పడ్డాయి. కొబ్బరికాయ కొట్టి మాకూ ముక్క పెట్టాడు. రెండో వేసవికి మా బావి ఎండింది. ఆయన్ని తిట్టను. ఆయన కన్నా లోతుకు ఇంకొకరు వెళ్లారు, ఆయన బోరూ పోయింది.

ఇందులో ఎప్పుడూ నష్టపోనిది బోరు బండి. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గుకు నీళ్లు పడినా, ఉత్త దుమ్మే లేచినా అడుగుకింత అని కట్టాల్సిందే. ఇక్కడ బోరు ఫెయిలైనవాళ్లు చేతులెత్తండి. వెనకాల కూడా ఎత్తండయ్యా, సిగ్గెందుకు? చూడండి, అధ్యక్షులవారూ ఎత్తారు!

2004లో ఉచిత కరెంటు వచ్చింది. దాన్ని తప్పుపట్టను. కానీ బోరుకు అప్పు పుట్టినవాడికే అది అందింది. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు సేద్యానికి బోరు వేయకూడదు. మా వీధి బోరు పక్కనే వేస్తుంటే అర్జీ పెట్టాను. "మీ పేరు బయటికొస్తుంది, ఆలోచించుకోండి సార్" అన్నారు ఆఫీసులో. ఆ బోరు ఇప్పటికీ నడుస్తోంది. మా వీధికి ట్యాంకరొస్తోంది.

టైమైందని చీటీ పంపారు. సరే. కొత్త బోరు వేసేముందు గ్రామసభలో చెప్పాలి. నెలనెలా నీటిమట్టం కొలిచి పంచాయతీ గోడ మీద రాయాలి. అది చూసి, ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేయాలో రబీకి ముందే కూర్చుని తేల్చుకోవాలి. బోరున్నవాళ్లు పక్క చేనుకు ఒక తడి ఇవ్వాలి. సర్పంచ్ గారూ, మీరిక్కడే ఉన్నారు. తీర్మానాల పుస్తకం తెప్పించండి.